తొర్రలో చెరువు

జిల్లా పేరు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాగా మారినా మన మెట్ట మెట్టే. నందిగామకు మునేరు, జగ్గయ్యపేటకు పాలేరు వున్నవన్న మాటేగాని, నీళ్ళ విలువ మనకొకరు చెప్పనక్కరలేదు. పడిన చినుకును మనకన్న ముందే దాచుకొనే జాగ్రత్తపరులు కూడా యిక్కడ లేకపోలేదు. వీధి చివరి చింతమానును చూడండి. కొమ్మ విరిగి పుచ్చినచోట తొర్రలో శేరెడు నీళ్ళు నిలుస్తాయి. దొడ్లో చేమమొక్క ఆకుకాడ మొదట్లో చెంచాడు నిలుస్తాయి.

కవులకు తొర్ర అంటే చిలుకల కాపురం. శాస్త్రజ్ఞులకు అదొక చెరువు. రాలిన ఆకు అందులో కుళ్ళుతుంది. కంటికానని సూక్ష్మజీవులు దానిమీద బతుకుతాయి. వాటిని దోమపిల్లలు తింటాయి. ఆ దోమపిల్లలను తినేవి మరికొన్ని. కేరళ కొండల్లో చెట్టు తొర్రనీటిలో కాపురముండే పీతను 2017లో లోకానికి పరిచయం చేశారు. మలయాళంలో దాని పేరుకు అర్థం 'మానుపీత' అనే!

దోమ అనగానే మీరు మొహం చిట్లిస్తారు. న్యాయమే. డెంగీ తెచ్చే ఏడిస్ ఈజిప్టై దోమ పూర్వులు ఆఫ్రికా అడవుల్లో తొర్రనీటిలో పుట్టినవే. తరువాత మనుషుల యిళ్ళలో కుండలు, తొట్లు మరింత సుఖంగా కనిపించి కాపురం మార్చాయి. నీటి అంచుకు కాస్త పైన గుడ్లు అంటిస్తాయి. నీళ్ళు యింకినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్ళీ తడి తగిలితే పిల్లలై, మన వేడికి వారం పదిరోజుల్లో రెక్కలు తొడుగుతాయి.

అయితే దోమలన్నిటిదీ ఒకే గోత్రం కాదు. తొర్రల్లో పుట్టే ఏనుగుదోమ రక్తం ముట్టదు, పూలతేనెతో సరిపెట్టుకుంటుంది. దాని పిల్ల మాత్రం తక్కిన దోమల పిల్లలను తిని పెరుగుతుంది. చేమాకు మొదట్లో పుట్టే మలాయా దోమ సంగతి మరీ చిత్రం. దారిన పోయే చీమను ఆపి, దాని నోటిలోని తీపిరసం పీల్చుకుంటుంది!

ఆమధ్య మా వీధిలో ఒక పిల్లవాడికి డెంగీ వచ్చింది. పెద్దలు సమావేశమై, తప్పంతా చింతమానుదేనని తేల్చారు. గొడ్డలి కూడా వచ్చింది. ఒక ముసలమ్మగారు మాత్రం, "చెట్టును తరవాత కొడుదురుగాని, మీ డాబామీద తొట్టికి మూతేది నాయనా?" అన్నారు. వెదికితే మూతలేని తొట్లు మూడు, పాత టైరొకటి, కొబ్బరిచిప్పలు. అన్నిటిలోనూ దోమపిల్లలే!

ఎలుకలున్నవని యిల్లు తగలబెట్టుకోము గదా. ఇంటి పక్క తొర్రను యిసుకతో నింపితే సరిపోతుంది. తొట్లను వారానికొకసారి వంచి, లోపలి గోడలు గట్టిగా తోమి, మూతలు పెట్టాలి. గుడ్లుండేది గోడకే. ఇక వూరికి దూరంగా చేలగట్టున వున్న తొర్రల జోలికి పోకండి. అక్కడ ఏ ఏనుగుదోమ పిల్లో జీతం బత్తెం లేకుండా మన కొలువు చేస్తూ వుండవచ్చు.