సగము మగమొక్కలే

జొజోబాను గూర్చి వ్రాయువారు పెక్కుమంది ఆ మొక్క యెడారిలో బ్రదుకుననియు, గింజ బరువులో సగము నూనెయే యనియు, కనుక బంజరులన్నింట దానిని నాటించినచో రైతునకు ధనము, దేశమునకు ఇంధనము సమకూరుననియు చెప్పి, అంతటితో తమ పని ముగిసినదని తలంచుచున్నారు. విత్తనముతో పెంచిన జొజోబాలలో సుమారు సగము మగమొక్కలనియు, మగమొక్క గింజ కాయదనియు, ఏది మగదో ఏది ఆడదో మూడు నాలుగేండ్లకు పూత వచ్చినగాని తెలియదనియు చెప్పవలసిన చోట వారి కలము ఆగిపోవుచున్నది. దీనిని విడిచి వేయు ప్రణాళిక యేదైనను రైతునకు అపకారమే.

జొజోబా నూనె విలువలేనిదని నేననుట లేదు. వేరుసెనగ నూనెలో కొవ్వు ఆమ్లములు గ్లిజరినుతో కూడియుండగా, దీనియందు అవి పొడవైన ఆల్కహాలులతో కూడి ద్రవరూపమైన మైనముగా నున్నవి. పదిడిగ్రీల చలిలో సీసాయందు పేరుకొని, ఎండపొడ సోకగానే మరల కరుగు బంగారు వన్నె ద్రవమది. తిమింగలపు తలనుండి తీయు నూనెను దీనితో పోల్చదగునని 1930ల నుండియే రసాయనజ్ఞు లెఱుగుదురు. అమెరికాలో కార్ల ఆటోమేటిక్ గేర్లకు ఆ తిమింగలపు నూనెనే వాడుచుండిరి. 1970లో స్పెర్మ్ తిమింగలము అంతరించు జాతుల జాబితా కెక్కి, పిదప దాని నూనె దిగుమతియు ఆగిపోగా, ప్రత్యామ్నాయము వెదకిన వారికి గంధకముతో సంస్కరించిన జొజోబా, తీవ్రమైన ఒత్తిడిలోను లోహముల నడుమ తెగని పొరగా నిలుచునని తెలిసినది. ఉదజనీకరణము చేసినచో అదియే తెల్లని గట్టి మైనమై పాలిష్‌లకును కొవ్వొత్తులకును పనికివచ్చును. గాలి సోకినను త్వరగా చెడదు గనుక సౌందర్యద్రవ్యముల తయారీదారులు దీనికి మంచి వెల యిచ్చుచున్నారు.

ఇట్టి వస్తువును డీజిలుగా మార్చి కాల్చవలెనని వాదించువారిని చూచిన విసుగు కలుగుచున్నది. మిథనాలుతో చర్య జరిపినప్పుడు ఇందలి పదార్థములో దాదాపు సగము పొడవైన ఆల్కహాలుగా విడివడును. దానిని వేఱుచేయుటకు అదనపు వ్యయము. 2003లో ప్రణాళికాసంఘపు నివేదిక ఇంధనపు నూనెగింజల మొక్కయగు జట్రోఫాను బంజరులకు సూచించినప్పుడును ఇట్టి యుత్సాహమే ప్రబలెను; డీజిలులో ఇరువదిశాతము కలుపుదుమన్న ఆ సంకల్పము నెరవేరలేదు.

జొజోబా కరవును, ఉప్పునేలను ఓర్చుకొనుననుట నిజమే. కాని బ్రదుకుట వేఱు, కాపు కాచుట వేఱు. 1980లలో అమెరికాలో పన్ను రాయితీల నాశించి ధనవంతులు వేలాది యెకరములలో విత్తనములు నాటించిరి. మొక్కలలో సగము మగవి కాగా, ఆడవాటిలో సైతము కాపు చెట్టుచెట్టునకు మారగా, పెక్కు తోటలు పాడువడినవి. ఇజ్రాయెలులో హత్సెరిమ్ అను కిబ్బుత్సు (సమష్టి వ్యవసాయ గ్రామము) వారు బాగుగా కాచు ఆడచెట్లను ఏరి, వాని కొమ్మలనుండి మొక్కలు పెంచి, బిందుసేద్యముతో నీరిచ్చి ఇదే పంటను పరిశ్రమగా నిలిపిరి. పరాగమునకు నూటికి పది మగచెట్లు చాలును. విత్తనము చల్లినవాడు ఏబదింటిని పోషించును. ఆ ఇజ్రాయెలు సహకారముతోనే రాజస్థానమున 1990లలో ఫతేపూర్, ఢండ్ జొజోబా క్షేత్రములు వెలసినవి. ఈ పాఠము మన దేశమునకు కొత్తది కాదు. తెలిసియు చెప్పకుండుటయే నేరము.

అమెరికా ధనవంతుడు తోట పాడైన నష్టమును పన్ను లెక్కలో సర్దుకొనగలిగెను. రాజస్థానపు సీకరు రైతుగాని, అనంతపురము రైతుగాని ఎందు సర్దుకొనును? ఆడమగ నిర్ధారణ చేసిన కొమ్మమొక్కలను ఇయ్యలేని ప్రభుత్వము అతని చేత విత్తనపు పొట్లము పెట్టరాదు. గింజ కొను కర్మాగారమును చూపలేని అధికారి అతని పొలమున గోతులు త్రవ్వింపరాదు. అట్లుగాక పంచియే తీరుదుమందురా, నాలుగేండ్లు నీరుపోసి కావలికాచిన తోటలో దాదాపు సగము పెఱికివేయవలసి వచ్చినప్పుడు ఆ నష్టమును ఎవరు భరింతురో రాయితీ ఉత్తర్వులోనే స్పష్టముగా వ్రాయుడు.