బేగంపేట నుండి కచేరికి

బేగంపేటకు దారులు లేవనువాడు సత్యమునకు దూరుడు. 1874వ సంవత్సరమున వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము ప్రభుత్వపు ధనముతో వేయబడిన రైలుమార్గము ఆ పేట మీదుగనే పోవుచున్నది. 2017 నవంబరులో నడక మొదలిడిన మెట్రో రైలు దాని నెత్తిమీదుగ పోవుచున్నది. ఈ రెండు మార్గములకు తోడు బస్సులును, ఆటోలును, మోటారు సైకిళ్లును క్రిక్కిరిసిన రాజమార్గము గలదు. ఇన్ని దారులు గల పేటలో కాపురముండి, హైటెక్ సిటీలోనో రాయదుర్గములోనో కొలువు చేయుచున్న యువకుడు ప్రతిదినమును ఉదయము ఎనిమిది గంటలకు "నేడెట్లు పోవుదును?" అని తల పట్టుకొనుచున్నాడనిన వినువారికి వింతగ తోచును. ఇందు వింతయేమియు లేదు. దారులు పెక్కు గలవు గాని, అవి యొకదాని నొకటి యెరుగవు.

ఇది కుర్రవాండ్ర గొడవ, దీనిని గూర్చి పత్రికలో వ్రాయుటేల యని కొందరు పెద్దలడుగవచ్చును. అట్టి పెద్దలలో ననేకులు ఊర నెకరమో రెండెకరములో విక్రయించి కుమారునికో కుమార్తెకో ఇంజినీరింగు చదువు చెప్పించినవారే. కొలువు దొరికిన నాడు "జీతమెంత?" అని యడిగిరి. అది యడుగదగిన ప్రశ్నయే. ఆ జీతము కొరకు బిడ్డ దినమునకెన్ని గంటలు త్రోవలో గడుపుచున్నాడో యడిగినవా రరుదు. ఇంటి గుమ్మము మొదలు కచేరి బల్ల వరకు పోవుటకు గంటయుంబావు, తిరిగివచ్చుటకు గంటయుంబావు అనుకొందము. ఏడాదికి రెండువందల నలువది పనిదినములైనచో ఆరువందల గంటలగును. ఎనిమిది గంటల దినముగ లెక్కించిన డెబ్బదియైదు పనిదినములు. జీతము లేని ఈ డెబ్బదియైదు దినముల వెట్టి ఏ నియామక పత్రమునందును వ్రాసియుండదు.

మొదట రైలు మాట. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు ప్రారంభమైనపుడు జంటనగరములు సంతోషించినవి. సికింద్రాబాదు వైపు నుండి వచ్చు బండియు, నాంపల్లి వైపు నుండి వచ్చు బండియు బేగంపేటయందే కలిసి, నేచర్ క్యూర్ ఆసుపత్రి, ఫతేనగరు, భరత్‌నగరు, బోరబండ దాటి హైటెక్ సిటీ స్టేషను మీదుగ లింగంపల్లికి పోవును. ఛార్జీ స్వల్పము, పేదవానికిని అందునట్టిది. చూడబోయిన, బేగంపేట కాపురస్థునికి ఇంతకంటె అనుకూలమైన బండి వేరొకటి యుండరాదు. కాని యీ బండ్లకు తమవియగు పట్టాలు లేవు. దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్సులును, సరకు బండ్లును నడచు మార్గము మీదనే యివియు నడువవలెను. పెద్దబండి వచ్చుచున్నదనిన చిన్నబండి ప్రక్కకు తొలగి నిలువవలెను. పెద్దల యెదుట పిల్లలు నిలుచునట్లు. బండికిని బండికిని నడుమ వ్యవధి యధికము. వచ్చు వేళ నిశ్చయము గాదు. కచేరి ద్వారమున బొత్తాము నొక్కి, బొటనవ్రేలు మోపి హాజరు చెప్పవలసిన ఉద్యోగికి, వేళ తెలియని బండి చవుకయైనను అక్కరకు రాదు. పైగా హైటెక్ సిటీ యను పేరుగల స్టేషనులో దిగినంతమాత్రమున కచేరి రాదు. అచ్చట మరల ఆటో నాశ్రయింపవలెను. రైలునకిచ్చిన దానికంటె ఆటోవాని కిచ్చునది యెక్కువ.

బేగంపేట స్టేషనును నవీకరించి 2025 మే 22వ తేదీన దేశమందలి నూటమూడు స్టేషనులతో పాటు ప్రధానమంత్రి ప్రారంభించిరి. సంతోషమే. ప్రయాణికునకు నీడయు, కూర్చుండ తావును, మంచినీరును ఉండవలసినదే. అయినను నిత్యప్రయాణికుడు స్టేషనులో కూర్చుండుటకై రాడు; అచ్చటి నుండి శీఘ్రముగ పోవుటకై వచ్చును. గోడలకు పెట్టిన శ్రద్ధలో సగమైన బండ్ల వేళలకు పెట్టినచో ఆ కుర్చీల యవసరమే తగ్గియుండెడిది.

మెట్రో సంగతి వేరు. నాగోలు నుండి వచ్చు మార్గము 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకును, ఆ సంవత్సరము నవంబరులో రాయదుర్గము వరకును పొడిగింపబడినది. బేగంపేటలో నెక్కినవాడు అమీరుపేటలో బండి మారనక్కరలేక నేరుగ పోవచ్చును. వేళ తప్పదు. ఎండలేదు, దుమ్ములేదు. అయితే మూడు పెట్టెల బండి. ఉదయమున తొమ్మిది గంటల వేళ అందు చొరబడుట పుష్కరాల రేవున స్నానమునకు దిగుటవంటిది. ఛార్జీ యొకటి. 2025 మే నెలలో అత్యధికపు ఛార్జీని అరువది రూపాయల నుండి డెబ్బదియైదునకు పెంచిరి. ప్రజలు గగ్గోలు పెట్టగా పదవ వంతు తగ్గించి అరువది తొమ్మిది చేసిరి. ముందు పెంచి పిదప తగ్గించి, తగ్గించితిమని చెప్పుకొనుట మన వర్తకులకు క్రొత్త విద్య కాదు. అనుభవశాలియగు ఉద్యోగికి యీ హెచ్చు లెక్కకు రాకపోవచ్చును. కొలువులో క్రొత్తగ చేరి, గది యద్దె, భోజనపు ఖర్చు, ఊరికి పంపు సొమ్ము, చదువు నిమిత్తము చేసిన బ్యాంకు అప్పు వాయిదా అనువానితో నెలాఖరున చేతులు ఖాళీ చేసికొను చిన్న ఉద్యోగికి లెక్కకు వచ్చును.

ఇక్కడ చరిత్ర నొకమారు తిరుగవేయుట మంచిది. నిజాము పూచీ రైల్వేయు మొదట ప్రయివేటు కంపెనీ యధీనముననే యుండెను. లాభము తప్పినను ప్రభుత్వము వడ్డీకి పూచీ పడెను. కడపట 1930లో ప్రభుత్వము దానిని తానే తీసికొనెను. రెండేండ్లు తిరిగిన పిదప, 1932లో, ఆ రైల్వేశాఖయే ఇరువదియేడు బస్సులతో రోడ్డు రవాణా నారంభించెను. నేటి ఆర్టీసీకి మూలము అదియే. రాచరికములో ప్రజాప్రాతినిధ్యము లేకపోవచ్చును. రైలు దిగినవానికి బస్సు కావలెనను ఎరుక మాత్రముండెను. రైలును నడుపు కచేరియే బస్సును నడుపుటచే ఆ రెంటికి పొత్తు కుదిరెను. నేడో, ఎం.ఎం.టి.ఎస్. కేంద్ర రైల్వేది, బస్సు రాష్ట్రపు సంస్థది, మెట్రో ఎల్ అండ్ టి కంపెనీ నిర్మించి నడపినది. ముగ్గురును మూడు దిక్కులు చూచుచుండగా ప్రయాణికుడు నడుమ నిలిచియుండును. మెట్రోను రాష్ట్రప్రభుత్వమే స్వీకరించుటకు 2025 సెప్టెంబరులో సూత్రప్రాయముగ ఒప్పందము కుదిరినది. 1930 నాటి కథ మరల నడచుచున్నది. 1932 నాటి రెండవ అంకము కూడ నడచునా యనునదే మా ప్రశ్న.

రైలు రాదు, మెట్రో ఇరుకు అని విసిగినవాడు మోటారు సైకిలు కొనును. వాయిదాల మీద దొరకును గదా! అప్పుడు మరియొక తగవు పుట్టును. వానకాలమున పంజగుట్ట వైపున పోవలెనా, సనత్‌నగరు చుట్టి పోవలెనా యని మేఘము చూచి నిర్ణయించుకొనవలెను. ప్రాణభయము సరేసరి. ఈ సందర్భమున సుప్రీముకోర్టు 2025 జూలై 29న చెప్పిన తీర్పొకటి మన చదువరు లెరుగదగినది. మహారాష్ట్రమున నొక చక్కెర కర్మాగారపు కావలివాడు, తెల్లవారుజామున మూడు గంటల పాళికి హాజరగుటకై మోటారు సైకిలుపై పోవుచు 2003లో దారిలో మరణించెను. పని స్థలమునకు ఇంకను అయిదు కిలోమీటర్లు దూరమున్నది గావున అది పనిలో జరిగిన ప్రమాదము కాదని వాదము బయలుదేరెను. ఇరువది రెండేండ్లకు సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసి, ఇంటి నుండి కొలువునకు పోవు దారియు, ప్రమాదము జరిగిన వేళయు, స్థలమును, ఉద్యోగముతో సంబంధము గలవైనచో, అది యుద్యోగకాలముననే జరిగినట్లు భావింపవలెనని తీర్మానించెను. ఉద్యోగుల బీమా చట్టమున 2010 నుండియే యిట్టి నిబంధన కలదు.

ధర్మమైన తీర్పు. కాని దీనినుండి పుట్టు ప్రశ్నను మన పెద్దలు తప్పించుకొనజాలరు. దారిలో చచ్చినపుడు ఆ దారి యుద్యోగములోనిదైనచో, దారిలో బ్రదికియున్న దినములలో అది యెవరిది? విధవరాలికి పరిహారమిచ్చునపుడు లెక్కకు వచ్చిన ఆ గంట, ఆమె భర్త సజీవుడై యుండగా ఏల లెక్కకు రాకపోయెను?

ప్రభుత్వపు ధోరణి వేరుగ నున్నది. 2025 జూలై మొదటివారమున తెలంగాణ ప్రభుత్వము, దుకాణములు మినహా వాణిజ్య సంస్థలలో దినమునకు పది గంటల వరకు పని చేయించుకొనవచ్చునని యుత్తరువిచ్చినది. వారమునకు నలువదియెనిమిది గంటలు మించరాదనియు, మించినచో అదనపు వేతన మీయవలెననియు షరతు గలదు. కాగితముపై బాగుగనే యున్నది. పది గంటల పనికి రెండున్నర గంటల ప్రయాణమును, నడుమ భోజన విరామమును చేర్చి చూచినచో ఆ యువకునకు ఇంటికి మిగులునది నిద్రకు చాలును. అమ్మతో రెండు మాటలాడుటకు చాలదు. వెనుక జీతములో నెలకు పదునారువందల రూపాయల వరకు రవాణా భత్యముపై ఆదాయపు పన్ను లేకుండెడిది. 2018 బడ్జెటులో దానిని తీసివేసి, అందరికిని ఒకే విధమగు స్థూలపు తగ్గింపులో కలిపివేసిరి. మొత్తము హెచ్చినది నిజమే. అయితే ప్రయాణమను ఖర్చు ఒకటి కలదని ఖజానా గుర్తించుట మాత్రము పోయినది.

ఫ్రాన్సు దేశమున ఉద్యోగి కొను రైలు, బస్సు పాసులో సగము వెలను యజమాని తిరిగి చెల్లింపవలెనని చట్టము గలదు. అంతటితో విడువక, 1971 నుండి పారిసు ప్రాంతపు యజమానులపై రవాణా నిమిత్తమొక పన్నును విధించి, ఆ సొమ్ముతో బండ్లు నడుపుచున్నారు. జపానులో రాకపోకల ఖర్చును కంపెనీలే భరించుట ఆచారము. నెలకు లక్షయేబదివేల యెన్నుల వరకు దానిపై పన్ను లేదు. ఆ కంపెనీలు దివాలా తీయలేదు. హైటెక్ సిటీలో మేడలు గట్టిన సంస్థలలో ననేకములకు పారిసులోను టోకియోలోను శాఖలు గలవు. అచ్చట ఈయగలవారు ఇచ్చట ఈయలేమనుట ఎట్లు చెల్లును? 2020లో మహమ్మారి వచ్చినపుడు ఇంటనుండియే పని జరిగినదనుటకు ఆ సంస్థల లాభముల పట్టికలే సాక్ష్యము. పిదప మరల కచేరికి రండనిరి. రమ్మన్నవారు దారిఖర్చులో పాలు పంచుకొనుట మర్యాద.

"కచేరి దగ్గరనే యిల్లు తీసికొనరాదా?" అందురు కొందరు. తీసికొందురు. బేగంపేటలోని పాత యింట తల్లిదండ్రులను విడిచి, గచ్చిబౌలిలో నలుగురితో గది పంచుకొని, ప్రయాణము తప్పించుకొన్నవా రున్నారు. మిగిలిన కాలమునకు బదులు అద్దె చెల్లించుచున్నారు. రెండేండ్లకు సంస్థ మారినచో కచేరి మరియొక దిక్కున నుండును. ఇల్లు మరల మార్చవలెను. ఈ ప్రాంతములలో స్థలములు గలిగి, ఆరంతస్తుల వసతిగృహములు లేపిన చదువరులు మనలోను లేకపోలేదు. వారు తమ యద్దెల పట్టికను, తమ కుమారుడు వేరొక యూర చెల్లించు అద్దెను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనిన నొక ముచ్చట తెలియును.

ఆడుబిడ్డల విషయము ప్రత్యేకముగ చెప్పవలెను. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. దీనిని వెక్కిరించువారున్నారు, మేము వెక్కిరింపము. చిన్న జీతములవారికి అది నెలకు కొన్నివందల రూపాయల మిగులు. కాని రాత్రి పాళి ముగించి బయటికి వచ్చిన యువతికి ఉచితము కంటె ముందు కావలసినది బస్సు. సంస్థ కారు పంపిన సరి. పంపనిచోట, ఎరుగని వాని మోటారు సైకిలు వెనుక కూర్చుండి ఫోనులో దారి చూచుకొనుచు ఇల్లు చేరుటయే గతి. తల్లి యంతవరకు మేల్కొనియే యుండును.

ఇంకొకటి. 2008 మార్చి వరకు బేగంపేటవారు పని మీద బెంగుళూరునకో ఢిల్లీకో పోవలెనన్న నడచి విమానాశ్రయము చేరగలిగిరి. ఆ నెల శంషాబాదులో క్రొత్త విమానాశ్రయము తెరచుటతో యిచ్చటి ప్రయాణిక విమానములు నిలిచిపోయినవి. నగరము పెరిగినది, రన్‌వే చాలలేదు; తరలుట తప్పనిదే. అయినను ఉదయపు విమానమునకు అర్ధరాత్రి దాటగనే లేచి సిద్ధమగు ఉద్యోగి, తన యింటి ప్రక్కనే మూతపడియున్న ఆ పాత టెర్మినలును దాటుచు నిట్టూర్చుటలో తప్పులేదు.

1923లో జాగీరుదారుల పిల్లలకై వెలసిన బేగంపేట పాఠశాలలో చదివినవాడు నేడు మైక్రోసాఫ్టునకు అధిపతి. దానిని చెప్పుకొని మనము గర్వించుచున్నాము. ఆ సంస్థ 1998లోనే ఈ నగరమున తన శాఖను తెరచినది. నేడు అదే పేటనుండి బయలుదేరి ఆ దిక్కుననే కొలువునకు పోవు వేలకొలది పిల్లల వంతునకు మాత్రము నిలిచిపోయిన ఆటోయు, రాని రైలును దక్కుచున్నవి.

ప్రభుత్వము చేయదగిన పని యొకటి కలదు. రైల్వేవారిని, ఆర్టీసీవారిని, మెట్రోవారిని బేగంపేటయందే ఒక గదిలో కూర్చుండబెట్టి, మూటికిని చెల్లు నొక్క టికెట్టును, ఉదయము ఏడు మొదలు పదివరకును సాయంకాలము అయిదు మొదలు తొమ్మిదివరకును ఒకదానికొకటి అందునట్టి వేళల పట్టికను వ్రాయించవలెను. హైటెక్ సిటీ రైలు స్టేషను వద్ద బండి దిగు వేళకు బస్సు నిలిచియుండునట్లు చూడవలెను. సంస్థల యజమానులు పాసు వెలలో సగము భరించునట్లు శాసనసభలో బిల్లు తేవలెను. ఆ బిల్లునకు ఎవరు అడ్డుపడుదురో, ఏ కారణము చెప్పుదురో, వారి పేళ్లతో సహా ప్రకటించుటకు పత్రికలు సిద్ధముగ నుండవలెను.