సర్టిఫికెట్ గోడ మీద, మందు కుర్రాడి చేతిలో

మందుల షాపు గోడకు అద్దాల ఫ్రేములో ఒక సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. అందులో ఫొటో ఒకరిది, కౌంటర్ దగ్గర నిలబడి మందులిచ్చేది మరొకరు. తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎవరికీ కొత్త కాదు, తనిఖీకి వచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లతో సహా. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ చూసి మందివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఈ నిబంధన మీరితే వేసే జరిమానా గరిష్ఠ పరిమితిని 2023లో జన్ విశ్వాస్ చట్టం వెయ్యి రూపాయల నుంచి ఏకంగా 2 లక్షలకు పెంచింది. అంతకుముందు ఏడాది నవంబరులో, బిహార్‌కు చెందిన ఒక కేసులో, రిజిస్ట్రేషన్ లేనివారి చేతుల్లో మందులు పెట్టడం ప్రజల ప్రాణాలతో ఆటలాడటమేనన్న భావంతో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది. ఇవన్నీ అవసరమే. కానీ మన చర్చ ఎప్పుడూ అద్దె సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతోంది. ఫొటోలో ఉన్నాయన ఎక్కడున్నాడని అడుగుతున్నాం గానీ, మందు అందిస్తున్న కుర్రాడికి ఎవరైనా ఏమైనా నేర్పారా అని అడగడం లేదు. ఫార్మసిస్టు బుద్ధిగా కూర్చున్న షాపులో కూడా సాయంత్రం రద్దీ వేళ స్ట్రిప్పులు కత్తిరించి కవర్లో వేసేది సహాయకులే. వాళ్లను లేనట్టు నటించడం మానేసి, టెక్నీషియన్లుగా గుర్తించి, శిక్షణను తప్పనిసరి చేయాలన్నది ఈ వ్యాసం వాదన.

బిళ్లలు లెక్కపెట్టి ఇవ్వడానికి శిక్షణ దేనికని అనిపించవచ్చు. మెథోట్రెక్సేట్ సంగతి చూడండి. కీళ్లవాతానికి ఈ బిళ్లను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. కవరు మీద అలవాటుగా ‘రోజూ ఒకటి, తిన్న తర్వాత’ అని గీకి ఇచ్చేస్తే నోరు పూసి, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ పడిపోయి, మనిషి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలకిచ్చే అమాక్సిసిల్లిన్ డ్రై సిరప్ సీసాలో ఉండేది పొడి. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, బాగా కుదిపి, నురగ తగ్గాక మళ్లీ సరిగ్గా గీత దాకా నింపాలి. నీళ్లు తక్కువైతే మోతాదు పెరుగుతుంది, ఎక్కువైతే మందు పనిచేయదు. కలిపిన మందు దాదాపు వారం రోజులే నిలుస్తుందని ఆ తల్లికి చెప్పాల్సింది కౌంటర్ దగ్గరే. స్ట్రిప్పు కోసేటప్పుడు గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న కొసను ముందే కత్తిరించి ఇచ్చేస్తే మిగిలిన బిళ్లల వయసు ఎవరికీ తెలియదు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. షెడ్యూల్ హెచ్1 అనే కఠిన నియంత్రణ జాబితాలోని మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రాసిన రిజిస్టరు మూడేళ్లు దాచాలి. వీటిలో ఏదీ రెండేళ్లు చదివితే తప్ప అబ్బని విద్య కాదు. అలాగని ఎవరూ చెప్పకుండా దానంతటదే వచ్చేదీ కాదు.

అమెరికా ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. అక్కడ ఫార్మసీ టెక్నీషియన్లకు జాతీయ స్థాయి పరీక్ష పెట్టే పీటీసీబీ 1995లోనే ఏర్పడింది. కానీ ఆ సర్టిఫికెట్ ఉండాలా వద్దా అన్నది ఏ రాష్ట్రానికారాష్ట్రం తేల్చుకునే వ్యవహారం. 2006లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఎమిలీ జెర్రీ అనే రెండేళ్ల పాపకు ఇవ్వాల్సిన కీమోథెరపీ ద్రావణాన్ని ఒక టెక్నీషియన్ 0.9 శాతం సెలైన్‌కు బదులు 23.4 శాతం ఉప్పునీటితో తయారుచేయగా, ఫార్మసిస్టు సరిచూడకుండా దాటించేశాడు. పాప చనిపోయింది. అప్పటికి ఒహాయోలో టెక్నీషియన్‌కు ఫలానా శిక్షణ ఉండాలన్న నిబంధనే లేదు. 2009లో ఆ పాప పేరుతోనే చట్టం వచ్చింది. బ్రిటన్ 2011 నుంచి టెక్నీషియన్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఒహాయో ఆస్పత్రిలో ఫార్మసిస్టు ఉన్నాడు, రిజిస్ట్రేషనూ ఉంది. పైన ఉన్నవాడి పట్టా కింది చేతి తప్పును ఆపలేకపోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది, అది బలమైనదే. శిక్షణ తప్పనిసరి అనగానే వీధికో కాలేజీ వెలుస్తుంది, ఫీజులు గుంజుతుంది, చివరికి మరో కాగితం చేతికొస్తుంది. ఇంజనీరింగ్, బీఈడీ కాలేజీల ముచ్చట చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. అమెరికాలోనూ అదే జరిగింది. ఎవరెస్ట్ పేరుతో ఫార్మసీ టెక్నీషియన్ వంటి కోర్సులు నడిపిన కొరింథియన్ కాలేజెస్ సంస్థ, ఉద్యోగాల లెక్కలు పెంచి చూపిందన్న అభియోగాల మధ్య 2015లో మూతపడింది. అక్కడ చదివిన దాదాపు 5,60,000 మంది పేరిట ఉన్న 580 కోట్ల డాలర్ల అప్పును 2022లో అమెరికా ప్రభుత్వం రద్దు చేయాల్సి వచ్చింది. తక్కువ జీతం వచ్చే కొలువు కోసం పెద్ద అప్పు చేయించడమే ఆ వ్యాపారం లోగుట్టు. అయితే దీన్నిబట్టి తేలేది కాలేజీ మీద ఆధారపడవద్దనే గానీ, శిక్షణ వద్దని కాదు. పీటీసీబీ కూడా 2020 నుంచి రెండు దారులు పెట్టింది: గుర్తింపు పొందిన కోర్సు చదవాలి, లేదా కనీసం 500 గంటలు పనిచేసిన అనుభవం చూపాలి. రెండో దారి ఉన్నచోట కాలేజీ గుత్తాధిపత్యం చెల్లదు.

మనకు డీఫార్మసీ ఉంది కదా అనేవారూ ఉన్నారు. రెండేళ్ల చదువు, 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ, 2022 నుంచి నిబంధనల్లో చేరిన ఎగ్జిట్ పరీక్ష: కాగితం మీద మంచి కోర్సే. కానీ షాపు లైసెన్సు ఆ సర్టిఫికెట్‌కు ముడిపడి ఉన్నందున దాని విలువ చదువులో కంటే అద్దెలో ఎక్కువగా తేలుతోంది. ఇంటర్ సైన్సు చదివి, ఆపై రెండేళ్లు వెచ్చించినవాడు నెలజీతానికి కౌంటర్ దగ్గర నిలబడాలని ఎందుకు కోరుకుంటాడు? నిలబడేది పదో తరగతితో ఆపేసినవాడే. జాతీయ నైపుణ్య పథకాల కింద ఫార్మసీ అసిస్టెంట్ శిక్షణ కూడా ఉంది గానీ, అది ఉన్నవాడికీ లేనివాడికీ చట్టం దృష్టిలో తేడా లేనప్పుడు షాపు యజమాని దాన్ని ఎందుకు పట్టించుకుంటాడు? చట్టంలోనే చిత్రమైన తిరకాసు ఉంది. ఫార్మసీ చట్టం ఫార్మసిస్టే ఇవ్వాలంటుంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ 65వ నిబంధన మాత్రం ఫార్మసిస్టు స్వయంగా గానీ, ఆయన ప్రత్యక్ష పర్యవేక్షణలో గానీ ఇవ్వవచ్చంటుంది. అంటే మరో చేయి ఉంటుందని నిబంధన రాసినవారికి తెలుసు. ఆ చేతికి ఏం తెలిసి ఉండాలో మాత్రం రాయలేదు.

ఫార్మసిస్టుల సంఘాలకు ఉండే భయం వేరు. టెక్నీషియన్‌ను గుర్తిస్తే, రేపు ఫార్మసిస్టు లేకుండానే షాపు నడుపుతారని. ఉద్యోగాలు దొరక్క తిరుగుతున్న ఫార్మసీ పట్టభద్రులున్న రాష్ట్రాల్లో ఈ భయం న్యాయమైనదే. కానీ ఇప్పుడు జరుగుతున్నది అదే కదా, అదీ ఏ శిక్షణా లేనివాడితో. టెక్నీషియన్ రిజిస్ట్రేషన్‌తో షాపు లైసెన్సు ఇవ్వరాదని, ఒక్కో ఫార్మసిస్టు కింద ఇంతమందే ఉండాలని, ఆయన లేని సమయంలో చీటీ మందులు కదలరాదని రాస్తే, ఫార్మసిస్టు అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అలా నిష్పత్తులు పెట్టినవే. విడ్డూరమేమిటంటే, మన నాలుగేళ్ల బీఫార్మసీతో అమెరికా వెళ్లిన తెలుగు యువత అక్కడ ఫార్మసిస్టు అర్హత పరీక్షకే కూర్చోలేరు. 2003 నుంచి పట్టా పుచ్చుకున్నవారికి కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి. దాంతో కొందరు అక్కడి షాపుల్లో టెక్నీషియన్లుగా చేరుతున్నారు. సొంతూళ్లో పేరు కూడా లేని పనికి అక్కడ పరీక్ష రాస్తున్నారు.

ఖర్చు మాటకొస్తే, చిన్న షాపు యజమాని కుర్రాణ్ని ఆరు నెలలు కాలేజీకి పంపలేడు. పంపనక్కర్లేదు. పనిచేస్తూనే గంటలు నమోదు చేసుకుని, వారానికి ఒకపూట జిల్లా ఆస్పత్రి ఫార్మసీలో నేర్చుకుని, చివర్లో తెలుగులో పరీక్ష రాస్తే చాలు. పరీక్ష పెట్టేది రాష్ట్ర ఫార్మసీ కౌన్సిలో సాంకేతిక విద్యా మండలో కావాలి. శిక్షణ ఇచ్చినవారే మార్కులు వేయకూడదు. ఇప్పటికే పదేళ్లుగా కౌంటర్ దగ్గర ఉన్నవారికి కోర్సు నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు గానీ, పరీక్ష నుంచి ఇవ్వరాదు. ముందుగా ప్రభుత్వాస్పత్రుల మందుల కౌంటర్లలో, జన్ ఔషధి కేంద్రాల్లో అమలు చేస్తే, ప్రైవేటు షాపులను అడిగే నైతిక హక్కు సర్కారుకు వస్తుంది.