దుల్హన్‌కే ఎందుకు పడుతుంది అసర్?



కొత్తింట్లోకి దిగేటప్పుడు మన ఇళ్లల్లో ఏం చేస్తామో మీకు తెలియంది కాదు. ముందు ఖురాన్ షరీఫ్ గడప దాటుతుంది. మదర్సా పిల్లల్ని పిలిచి ఖురాన్ ఖానీ చేయిస్తాం. గదిగదికీ లోబాన్ పొగ పట్టిస్తాం. బగారా ఖానా, దాల్చా తిని, దువా చేసి, చుట్టాలంతా వెళ్లిపోతారు. మా ఖాలా కూడా ఇవన్నీ చేసింది. కడప ఊరి చివర్లో, కొడుకు కువైట్‌లో పన్నెండేళ్లు డ్రైవర్‌గా చేసి పంపిన దీనార్లతో కట్టుకున్న ఇల్లది. గేటు మీద మాషా అల్లాహ్ అని పలక పెట్టించుకుంది. నెల తిరక్కుండానే ఆ ఇంట్లో ఆసేబ్ ఉందని వీధంతా చెప్పుకున్నారు.

జరిగింది ఇది. కొడుకు ఇంట్లో దిగిన వారానికే సెలవు అయిపోయి కువైట్ వెళ్లిపోయాడు. దుల్హన్‌కి రెండో కాన్పు, బాబు పుట్టాడు. అఖీఖా అయిన మర్నాటి నుంచి ఆమెకి నిద్ర పోయింది. ఒక రాత్రి, రెండు రాత్రులు, మూడు రాత్రులు. పాలిచ్చే తల్లులకు మామూలే అనుకున్నారు. నాలుగో రాత్రి వంటింట్లో నిలబడి, "అమ్మీ, ఖిడ్కీ కనే కౌన్ కీ ఖడీ హై" అంది. కిటికీ బయట ఎవరూ లేరు. తెల్లారేసరికి ఉయ్యాల్లో ఉన్న బిడ్డ తన బిడ్డ కాదంది, ఎవరో మార్చేశారంది. ఎప్పుడూ తలెత్తి మాట్లాడని పిల్ల, గొంతు మార్చి, అత్తని నువ్వు అని పిలిచి తిట్టింది. ఈ ఇల్లు నన్ను తింటోంది అని అరిచింది.

పక్కింటావిడ వచ్చి, ఈ స్థలం ఒకప్పుడు ఖబ్రస్తాన్ అంది. ఎదురింటావిడ, పునాది తీసేటప్పుడు చింతచెట్టు కొట్టారు కదా, దాని మీద ఉన్నది ఎక్కడికి పోతుంది అంది. ఇంకొకావిడ, మగ్రిబ్ వేళ జుట్టు విరబోసుకుని మేడ మీదికెళ్లింది, నేను చూశాను అంది. ఒక్క పొద్దుట్లో ఆ స్థలానికి మూడు చరిత్రలు పుట్టాయి. ఆ పిల్ల పడుకుని ఎన్ని రాత్రులైందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఖాలా నాకు ఫోన్ చేసింది. "బేటా, పేపర్లో ఉన్నావు, నలుగురు తెలిసినవాడివి. మంచి ఆమిల్ సాబ్ ఎవరైనా ఉంటే చెప్పు" అని ఏడ్చింది. నేను నంబర్ ఇచ్చాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే, అందుకే దాచకుండా చెప్తున్నాను. నాకు ఆ మనిషి మీద యఖీన్ ఉండి ఇవ్వలేదు. ఆడవాళ్ల మనసు కుదుటపడుతుంది కదా, పోయేదేముంది అనుకున్నాను. పోయేది ఎంతుందో తర్వాత తెలిసింది.

ఆ ఆమిల్ పదకొండు వేలు హదియా తీసుకున్నాడు. నల్లకోడి తెప్పించాడు. ఇంటి నాలుగు మూలలా మేకులు కొట్టించాడు. బాలింత ముఖం మీదికి ఎండుమిర్చి పొగ పెట్టాడు. జుట్టు పట్టుకుని, నిన్ను పంపిందెవరో చెప్పు, చెప్పేదాకా వదలను అన్నాడు. నాలుగు రోజులుగా నిద్రలేని, ఒళ్లు పచ్చిగా ఉన్న ఆడపిల్ల ఏం చెప్తుంది? నోటికొచ్చిన పేరు చెప్పింది. ఆ పేరు ఖాలా సొంత కూతురిది. నణంద్ జాదూ చేయించిందని తేల్చేశాడాయన. తల్లీకూతుళ్లు ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు.

మూడో రాత్రి ఖాలా తహజ్జుద్‌కి లేచింది. వరండాలో లైటు వెలుగుతోంది. దుల్హన్ బిడ్డని చంకనేసుకుని సంపు మూత పక్కకి జరుపుతోంది. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అల్లాహ్ ఖాలాని ఆ సమయానికి లేపాడు.

ఫజర్ నమాజ్ కాగానే మసీదు పేష్ ఇమామ్ సాబ్‌ని పిలిచారు. పెద్దాయన. దూరంగా కుర్చీలో కూర్చుని సూరె ఫాతిహా, ఆయతుల్ కుర్సీ, చివరి రెండు సూరాలు చదివి నీళ్లు దమ్ చేసి ఇచ్చారు. ఆ తర్వాత ఖాలాని మూడు మాటలడిగారు. కాన్పయి ఎన్ని రోజులైంది? ఎన్ని రాత్రుల నుంచి నిద్రలేదు? మొదటి కాన్పప్పుడు ఇలా అయిందా? ఇంట్లో అంతమంది ఉండగా ఆ మాటలు అడిగిన మొదటి మనిషి ఆయనే. "దువా నేను చేస్తాను. మీరు చేయాల్సింది దవా. ఇప్పుడే హాస్పిటల్‌కి పదండి" అని, తనే ఆటోలో డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చుని వచ్చారు.

డాక్టర్ దానికి పేరు చెప్పారు. కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్. ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. నిద్ర పోతుంది, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, బిడ్డ మీద వింత అనుమానాలు వస్తాయి. ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి రావచ్చు. ఇలాజ్ చేయిస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మా దుల్హన్ మందులతో ముందు నిద్రపోయింది. నాలుగో వారానికి, ఆ రోజుల్లో నేనేం మాట్లాడాను అమ్మీ అని సిగ్గుపడుతూ అడిగింది. ఆ బాబు ఇప్పుడు అదే వరండాలో సైకిల్ తొక్కుతున్నాడు.

ఇక్కడ కొంతమంది నన్ను అడుగుతారు, నువ్వు జిన్నాత్‌ని మానవా అని. మానతాను. ఖురాన్‌లో 72వ సూరా పేరే సూరె జిన్. గైబ్ మీద ఈమాన్ లేకుండా ముసల్మాన్ ఎలా అవుతాను? అయితే జిన్నాత్ ఉన్నారని మానడం వేరు, ఫలానా పిల్ల మీద ఫలానా జిన్ ఉంది, ఫలానా ఆమె పంపింది అని డబ్బు తీసుకుని చెప్పేవాడిని మానడం వేరు. మొదటిది ఈమాన్. రెండోది, మనం ఎవరికీ ఇవ్వకూడని అధికారాన్ని ఒక మనిషి చేతిలో పెట్టడం.

సూరె సబాలో హజ్రత్ సులైమాన్ అలైహిస్సలామ్ వఫాత్ ప్రస్తావన గుర్తు చేసుకోండి. ఆయన ఊతకర్రని ఆనుకుని ఉండగానే వఫాత్ అయ్యారు. ఎదురుగా పని చేస్తున్న జిన్నాత్‌కి ఆ సంగతే తెలియలేదు. ఆ కర్రని పురుగు తినేసి, ఆయన ఒరిగాకే తెలిసింది. కళ్లెదుట ఉన్న మనిషి వఫాత్‌నే తెలుసుకోలేకపోయిన జిన్నాత్, కడపలో ఎవరు ఎవరికి జాదూ చేయించారో ఈ ఆమిల్ చెవిలో చెప్తాయా? ఆ మాట పట్టుకుని కన్నకూతురికి గుమ్మం మూసేస్తామా?

ఇంకొక హదీసు ఉంది, బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ. మూర్ఛలొచ్చే ఒక స్త్రీ రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వచ్చి, పడిపోయినప్పుడు తన బట్టలు తొలగిపోతున్నాయని, దువా చేయమని అడిగింది. సబర్ చేస్తే జన్నత్ ఉందని, కావాలంటే షిఫా కోసం దువా చేస్తానని ఆమెకే ఎంచుకునే వీలిచ్చారు. ఆమె సబర్ ఎంచుకుంది, బట్టలు తొలగకుండా మాత్రం దువా అడిగింది. ఆయన చేశారు. ఆమె చెప్పింది విన్నారు, ఆమె పర్దాకి విలువిచ్చారు. మనమేమో పరాయి మగాడిని ఇంట్లోకి పిలిచి, మన బహూ జుట్టు అతని చేతికిచ్చాం.

ఇప్పుడు అసలు సవాల్. ఈ అసర్ ఎప్పుడూ దుల్హన్‌కే ఎందుకు పడుతుంది? ఇరవై ఏళ్లకు పైగా వార్తలు రాస్తున్నాను. నేను చూసిన ఇళ్లల్లో ఇల్లు కట్టిన మేస్త్రీకి పట్టలేదు, అప్పిచ్చినవాడికి పట్టలేదు, ఇంటి పెద్దకి పట్టలేదు. కొత్తగా వచ్చిన కోడలికి, పెళ్లీడు ఆడపిల్లకి, మొగుడు గల్ఫ్‌లో ఉన్న ఆడమనిషికి పట్టింది. అందరిదీ జబ్బే అని నేననను. కొందరిది జబ్బు. కొందరిది కడుపులో దాచుకున్న దుఃఖం. నాకు ఈ ఇంట్లో ఊపిరాడటం లేదు అని బహూ తన గొంతుతో చెప్తే, జుబాన్ చలాతీ అంటాం. అదే మాట జిన్ గొంతుతో చెప్తే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వింటాం. ఆమె మాట వినడానికి మనకి జిన్ కావాల్సి వచ్చిందంటే, తప్పు ఆ ఇంటి స్థలానిది కాదు.

ఇల్లే కారణమైన సందర్భాలూ ఉన్నాయి, అవీ తెలుసుకోవాలి. 1921లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆప్తల్మాలజీలో విల్మర్ అనే కంటి డాక్టర్ ఒక కుటుంబం గురించి రాశారు. పాత పెద్ద ఇంట్లోకి దిగాక వాళ్లకి అడుగుల చప్పుళ్లు వినిపించాయి, మనుషులు కనిపించారు, పిల్లలు పాలిపోయారు. చివరికి చూస్తే ఇంటిని వెచ్చగా ఉంచే కొలిమి పాడై, దాని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తోంది. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత, భ్రమలు, చివరికి మౌత్. మన దగ్గర కొలిమి లేకపోవచ్చు, గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి ఉంది. బాలింత గదిలో చిల్లా నలభై రోజులూ కిటికీలు మూసి లోబాన్ నిప్పులు పెట్టేవాళ్లు ఈ మాట ముఖ్యంగా వినాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల తిరుగుతుంటే ముందు కిటికీలు తెరిచి, అందరూ బయటికి రండి.

దవా వద్దనుకుంటే ఏమవుతుందో తమిళనాడులోని ఏర్వాడి చెప్తుంది. అక్కడి దర్గా మీద ఆశతో తెచ్చిన మానసిక రోగుల్ని చుట్టుపక్కల షెడ్లలో గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక షెడ్డుకి నిప్పంటుకుంది. పరిగెత్తలేక 28 మంది చనిపోయారు. ఆ ఘోరం తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. అయినా ఇళ్లల్లో, వెనక గదుల్లో ఆ గొలుసులు ఇంకా ఉన్నాయని మనకి తెలుసు.

ఇలాజ్ మనకి పరాయిదేమీ కాదు. ప్రతి జబ్బుకీ అల్లాహ్ షిఫా పంపాడని హుజూర్ చెప్పింది మన మక్తబ్ పిల్లలకీ తెలుసు. వెయ్యేళ్ల కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకీ ఆరోగ్యం గురించి ఒకే కితాబ్‌లో రాశారు. మనసుకీ జబ్బు వస్తుందని, దానికీ ఇలాజ్ ఉందని మన పెద్దలు రాసి పెట్టినదాన్ని మనం మర్చిపోయాం.

కాబట్టి నా మాట ఇది. సూరె బఖరా చదవండి, ఆయతుల్ కుర్సీ చదవండి, నీళ్లు దమ్ చేసుకోండి. ఇవన్నీ మీ అంతట మీరే చేయొచ్చు, ఫీజు లేదు. అదే రోజు డాక్టర్ దగ్గరికీ వెళ్లండి. తల్లి పేరు అడిగేవాడు, కోడి మేక తెమ్మనేవాడు, ఆడమనిషిని ఒంటరిగా గదిలోకి పంపమనేవాడు, కొట్టేవాడు, మందులు ఆపమనేవాడు, చుట్టాల్లో ఒకరి పేరు చెప్పేవాడు, వీళ్లలో ఎవడొచ్చినా గుమ్మంలోంచే పంపేయండి. ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్, సర్కార్ నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. మసీదు కమిటీల వాళ్లకి ఒక అర్జీ. జుమా బయాన్‌లో ఏడాదికి ఒక్కసారైనా ఈ సంగతి చెప్పించండి. మా ఖాలా ఇంట్లో డాక్టర్ మాటకంటే ముందు పని చేసింది ఇమామ్ సాబ్ మాటే.

మా దుల్హన్ బాగైంది గానీ కథ అక్కడితో అయిపోలేదు. మొన్న ఆమె చెల్లెలికి మంచి రిష్తా వచ్చింది. అక్కకి అసర్ ఉందట కదా అని వాళ్లు వెనక్కి పోయారు. జ్వరమొచ్చి తగ్గితే ఎవరూ గుర్తు పెట్టుకోరు. ఆమిల్ వచ్చి వెళ్తే మాత్రం వీధి మర్చిపోదు. ఆ మచ్చ వేసినవాళ్లలో నంబర్ ఇచ్చిన నేనూ ఉన్నాను. ఇంటికెళ్లి ఆ పిల్లకి మాఫీ అడిగాను. "పోనీలెండి భాయ్‌జాన్, మీరు మంచికే కదా ఇచ్చారు" అంది. ఆ మాట నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వడం లేదు. మీ ఫోన్లో అలాంటి నంబర్ ఏదైనా ఉంటే, ఇది చదవడం అయ్యాక తీసేయండి.

అల్లాహ్ మన ఇళ్లల్లో సుకూన్ ఇవ్వాలి, మన ఆడపిల్లల మాట వినే చెవులు మనకివ్వాలి. ఆమీన్.