ఆడే మనిషి మీదే కేసు: తిరునాళ్ల వేదికలు, మన అర్జీలు

సంక్రాంతి దాటి శివరాత్రి దగ్గరపడుతోందంటే మన వైపు తిరునాళ్ల కబుర్లు మొదలవుతాయి. వాకాడు, కోట, చిట్టమూరు, ఆ పక్క సముద్రం వెంట ఉన్న పల్లెపాలేలు - ప్రతిచోటా ఉత్సవ కమిటీలు లేస్తాయి, చందాల పుస్తకాలు బయటికి వస్తాయి, గోడల మీద రంగు కాగితాలు అంటుకుంటాయి. ఆ కాగితం పైభాగాన దేవుడి బొమ్మ, దాని కింద చందా ఇచ్చిన పెద్దల ఫొటోలు, ఇంకా కింద పద్యనాటకం, అన్నింటికన్నా అడుగున ఏదో ఒక ఇంగ్లీషు పేరుతో రికార్డింగ్ డ్యాన్సు. పట్నం హోటల్లో అయితే దీన్నే కేబరే అంటారు. పోలీసు అనుమతికి పెట్టే దరఖాస్తులో మాత్రం అది 'సాంస్కృతిక కార్యక్రమం'.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన సంఘాల ఆఫీసుల్లో కూడా ఒక అర్జీ తయారవుతుంది. అశ్లీల నృత్యాలను నిషేధించాలి, బాధ్యుల మీద కఠిన చర్య తీసుకోవాలి అని. ఎస్సైకి ఒక ప్రతి, తహశీల్దారుకు ఒక ప్రతి, పత్రికల వాళ్లకు ఒకటి. ఎన్నో ఏళ్లుగా రాస్తున్న అర్జీ కనుక ఎవరం పెద్దగా ఆలోచించకుండానే సంతకాలు పెట్టేస్తాం. ఈసారి సంతకం పెట్టేముందు 'బాధ్యులు' అన్న ఒక్క మాట దగ్గర ఆగుదామని నా విన్నపం.

మన అర్జీ అందుకున్న పోలీసులు చేసేదేమిటి? అర్ధరాత్రి జీపు వస్తుంది. జనం చెదిరిపోతారు. కమిటీ పెద్దలు ఎటువాళ్లు అటు మాయమవుతారు, లేదా తెల్లారేసరికి స్టేషన్ బెయిలు మీద ఇంట్లో ఉంటారు. పారిపోలేనిది ఆ దుస్తుల్లో, ఆ చెప్పుల్లో, ఆ ఊరి దారులు తెలియని డ్యాన్సరు ఒక్కతే. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని వరసగా నిలబడ్డ ఆడపిల్లల ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. ఇప్పుడైతే పేపరు దాకా కూడా అక్కర్లేదు, సెల్‌ఫోన్లలో ఆ రాత్రే ఊళ్లు తిరుగుతుంది. కమిటీ అధ్యక్షుడి ఫొటో అలా రావటం మనలో ఎవరమైనా చూశామా?

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. పాత శిక్షాస్మృతిలో 294వ సెక్షను, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 296. బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల చేష్ట చేస్తే మూడు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 'ఇతరులకు ఇబ్బంది కలిగేలా' అన్నది ఆ సెక్షనులో ఉన్న మాటే, నేను చేర్చింది కాదు. ఇక్కడ ఇబ్బంది పడింది ఎవరు? చందా ఇచ్చి, ముందు వరసలో కుర్చీ వేసుకుని, ఈలలు వేసి వన్స్‌మోర్ అడిగిన వాళ్లా? ఆ పాట ఆ పూట ఆమె ఎంచుకున్నది కాదు, ఆ దుస్తులు ఆమె కుట్టించుకున్నవి కావు, ఆ వేళ ఆమె నిర్ణయించింది కాదు. అన్నీ నిర్ణయించినవాడికి లేని అశ్లీలత ఆమె ఒంటికి మాత్రం ఎలా అంటుకుంది?

అది పని అన్న సంగతి మనం మర్చిపోతున్నాం. ఏజెంటు దగ్గర అడ్వాన్సు, దానిలో అతని కమిషను. వ్యానులోనో ఆటోలోనో ఇరుక్కుని ప్రయాణం. ట్రాక్టరు ట్రక్కుల మీద పలకలు పరిచిన వేదిక. దాని వెనక చీర కట్టిన మరుగే గ్రీన్‌రూము. మరుగుదొడ్డి మాట ఎవరూ అనుకోరు, చీకట్లో పొలం గట్టుకు పోవాల్సిందే. అక్కడా ఎవడో ఒకడు వెంటపడతాడు. పాట మధ్యలో తాగి వేదిక ఎక్కినవాణ్ణి కిందికి దించే పని కమిటీది కాదట, నవ్వుతూ తప్పించుకోవటం డ్యాన్సరు నేర్పట. నోట్లు గుచ్చే నెపంతో చేతులు ఎక్కడెక్కడికి పోతాయో విడమరిచి రాయక్కర్లేదు. ఇక పోలీసులు ఆపేస్తే ఆ రాత్రి కూలి ఎగిరిపోతుంది. కమిటీ ఇవ్వదు, ఏజెంటు ఇవ్వడు. ఈ బృందాల్లో ఆడే హిజ్రాల పరిస్థితి ఇంతకన్నా హీనం, వాళ్ల మీద జరిగేది దౌర్జన్యమని ఒప్పుకునేవాళ్లే తక్కువ.

ఈ పనినే ఒక ఫ్యాక్టరీలోనో రొయ్యల ప్లాంటులోనో చేయిస్తే మనం ఏం చేసేవాళ్లం? లేబరు ఆఫీసు ముందు కూర్చునేవాళ్లం. రొయ్యల ప్లాంటు మూసేయమని, అందులో తలలు ఒలిచే ఆడవాళ్లను అరెస్టు చేయమని అడిగేవాళ్లం కాదు గదా.

ఊళ్లో ఆడవాళ్ల బాధ అబద్ధమని నేను అనటం లేదు. డ్యాన్సు ఉన్న రాత్రి తాగుడు ఎక్కువవుతుంది, ఇంటికి వచ్చిన మగవాడు పెళ్లాన్ని కొడతాడు, మర్నాడు బడికి పోయే ఆడపిల్ల వెనక ఆ పాటలే పాడతారు. ఇదంతా నిజం. అందుకే మన దగ్గరికి వచ్చి అర్జీ రాయమంటారు. కానీ ఆ కష్టాన్ని పుట్టించింది వేదిక మీది మనిషి కాదని చెప్పటం మన పని. మూడు దశాబ్దాల కిందట ఈ జిల్లా ఆడవాళ్లే ఆ తేడా చూపించారు.

దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డిది మన వాకాడే. అక్షరదీపం రాత్రి బడుల్లో చదివిన పాఠం, ఊరూరా కళాజాతాలు ఆడిన నాటికలు ఆ ఉద్యమానికి ఊపిరి పోశాయి. తిరునాళ్లలో వాడే మైకు, తిరునాళ్లలో వాడే వేదిక. దాని మీద నిలబడి ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి కోసం మాట్లాడుతున్నారు అన్నదే తేడా. ఆ ఆడవాళ్లు తాగినవాణ్ణి నిలదీశారు, నిజమే. కానీ అక్కడే ఆగిపోలేదు. దుకాణం మూయించారు, కాంట్రాక్టరును అడ్డుకున్నారు, వేలంపాటలు జరగనివ్వలేదు, సారా మీద ఆదాయం తింటున్నది ప్రభుత్వమేనని ఎత్తిచూపారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూడటం మనకు నేర్పింది ఆ ఉద్యమం. తిరునాళ్ల రాత్రి దగ్గర ఆ చూపు ఎందుకు పనికిరాకుండా పోయింది?

ఎందుకంటే ఇక్కడ 'చెడిపోయిన ఆడది' అన్న పాత భయం అడ్డం వస్తోంది. ఆ భయం చాలా పాతది. 1893లో మద్రాసు సంస్కర్తలు భోగం మేళాలకు పెద్దలు హాజరు కాకూడదని వైస్రాయికి, గవర్నరుకు వినతిపత్రం పంపారు. మన వైపు వీరేశలింగం అప్పటికే ఆ ఉద్యమంలో ఉన్నారు. 1929లో ముత్తులక్ష్మీరెడ్డి చొరవతో వచ్చిన సవరణ దేవాలయ సేవకూ ఇనాము భూములకూ ఉన్న ముడి తెంచింది. 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం దేవదాసీ అంకితాలను నిషేధించాయి. ఆడపిల్లను దేవుడి పేరుతో ఊరికి అప్పగించే ఆచారం పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆచారంతోపాటు ఏం పోయింది, ఎవరిది పోయింది? బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని కావ్యాన్ని అచ్చు వేయిస్తే అశ్లీలమని గోల చేసి పుస్తకాల మీద నిషేధం పెట్టించారు. ఆ నాట్యాన్నే కొద్దికాలానికి మర్యాదస్తుల ఆడపిల్లలు నేర్చుకుని అరంగేట్రాలు చేశారు. కళకు గౌరవం దక్కింది, కళావంతులకు దక్కలేదు. వాళ్లలో ఎందరో నాటకాలకు, గ్రామఫోను రికార్డులకు, సినిమాకు పోయారు. ఆ రికార్డు పాటకు ఆడే ఆటే రికార్డింగ్ డ్యాన్సు అయింది.

పద్యనాటకం కథ కూడా దీనికి దూరం కాదు. ఇవాళ ఒక ఊళ్లో చంద్రమతిగా పిల్లవాడి శవం ముందు ఏడ్చిన నటే రేపు ఇంకో ఊళ్లో చింతామణి. స్త్రీపాత్రలు పురుషులు కట్టి పద్మశ్రీలు అందుకున్న రంగస్థలం మనది. స్థానం నరసింహారావు గారి ప్రతిభను నేను తక్కువ చేయటం లేదు. ఆయన వేసిన పాత్రనే ఆడమనిషి వేస్తే ఊరు ఆమెను ఏ పేరుతో పిలిచేదో మాత్రం గుర్తు చేస్తున్నాను. సురభివాళ్లు 1885 నుంచి కుటుంబమంతా కలిసి ఆడారు గనుక వాళ్ల ఆడవాళ్లకు ఆ నీడ కొంత తప్పింది. కాంట్రాక్టు మీద ఊరూరా తిరిగే ఒంటరి నటికి అది కూడా లేదు.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటకం మీద నిషేధం ప్రకటించింది. కాళ్లకూరి నారాయణరావు వందేళ్ల కిందట వేశ్యాలోలత్వాన్ని ఎండగట్టటానికి రాసిన నాటకం అది. సుబ్బిశెట్టి పాత్రతో తమను అవమానిస్తున్నారని ఆర్యవైశ్య సంఘాలు కోరాయి, ప్రభుత్వం విన్నది. ఆ పాత్రలో కాలక్రమాన చేరిన వెకిలి హాస్యం మీద వాళ్ల కోపంలో న్యాయం లేదని నేననను. కానీ ఆ చర్చంతా వెతికి చూడండి. టీవీలో, పేపర్లో, కోర్టు గుమ్మంలో వినపడింది ఒక కులం పరువు, రచయిత స్వేచ్ఛ, పద్యం గొప్పతనం. అదే నాటకంలో చింతామణి మీద, ఆమె చెల్లెలి మీద, తల్లి మీద రాత్రుళ్లు రాత్రుళ్లు వేసిన బూతు హాస్యం ఎవరికైనా అవమానంగా తోచిందా? ఆ వేషం మీద బతికే నటీమణులు ఆ సీజను ఏం తింటారని ఎవరైనా అడిగారా? మన పత్రికలు కూడా ఈ సంగతి మీద గట్టిగా మాట్లాడలేదు.

బొంబాయి ఆడవాళ్ల అనుభవం మనకు పనికొస్తుంది. 2005 ఆగస్టులో మహారాష్ట్ర ప్రభుత్వం డ్యాన్సుబార్లను మూయించింది. కానీ త్రీస్టారు, అంతకు పైస్థాయి హోటళ్లకు మినహాయింపు ఇచ్చింది. డబ్బున్నవాడు చూస్తే కళ, లేనివాడు చూస్తే అశ్లీలం. మహిళా సంఘాలు అక్కడా రెండుగా చీలాయి. కొన్ని నిషేధాన్ని స్వాగతించాయి. కొన్ని బారు డ్యాన్సర్ల యూనియన్ పక్కన నిలబడి కోర్టుకు వెళ్లాయి. 2006లో హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది, 2013 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ప్రభుత్వం మళ్లీ మళ్లీ కొత్త చట్టాలు తెస్తే 2019 జనవరిలో సుప్రీంకోర్టు వాటిలో చాలా షరతులు తీసేసింది. డ్యాన్సర్ల మీద డబ్బు విసరటం మాత్రం కుదరదంది. పదమూడేళ్లు కోర్టుల్లో గెలుస్తూనే ఉన్నారు. ఈలోగా ఆ ఆడవాళ్లు ఎక్కడికి చెదిరిపోయారో, ఏ పనుల్లోకి దిగారో ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు.

ఇంత దూరం ఎందుకు, 2025 మే నెలలో హైదరాబాదులో ప్రపంచ సుందరి పోటీలు జరిగాయి. తెలంగాణ ప్రభుత్వమే ఆతిథ్యం ఇచ్చింది, పోలీసు బందోబస్తు పెట్టింది. రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్ల మీద మన ఆడవాళ్లు నీళ్లు పోసి తుడిచిన దృశ్యం అందరం చూశాం. 1996లో బెంగుళూరులో ఈ పోటీలు జరిగినప్పుడు స్త్రీవాదులు వీధుల్లోకి వచ్చారు. భారతీయ సంస్కృతి పేరు చెప్పినవాళ్లూ వచ్చారు. ఎవరు ఎందుకు నిలబడ్డారో బయటివాళ్లకు తెలియకుండా పోయింది. తిరునాళ్ల విషయంలో మన అర్జీ కింద సంతకం పెడుతున్న మిగతావాళ్లెవరో ఒకసారి చూసుకోండి. ఆడపిల్ల జీన్స్ వేసుకోకూడదనేవాళ్లు, కులాంతర ప్రేమ అంటే కర్ర పట్టుకునేవాళ్లు కూడా ఉంటారు అందులో. వాళ్లకు 'అశ్లీలం' అంటే మన అర్థం కాదు.

మైనరు పిల్లను వేదిక ఎక్కిస్తే అది పనీ కాదు, కళా కాదు. పోక్సో చట్టం ఉంది, తీసుకొచ్చినవాడి మీదా పిలిపించినవాడి మీదా అక్కడికక్కడే కేసు పెట్టించాలి. అప్పులో ఇరికించి బలవంతాన తెచ్చిన మనిషి విషయమూ అంతే. వీటిలో రాజీ లేదు.

మిగతా చోట్ల అర్జీ మార్చి రాద్దాం. అనుమతి ఇచ్చేటప్పుడు కమిటీలో ఎవరు బాధ్యులో పేర్లతో, సంతకాలతో రాయించుకోవాలని పోలీసులను అడగాలి. కూలి ఎంతో కాగితం మీద ఉండాలి, ఏజెంటు చేతికి కాదు, ఆడే మనిషి చేతికే అందాలి, కార్యక్రమం ఆగినా అందాలి. తలుపు వేసుకునే గది, మరుగుదొడ్డి, తిరిగి వెళ్లటానికి బండి కమిటీయే చూడాలి. వేదికకూ జనానికీ మధ్య కట్టె దడి ఉండాలి, నోట్లు గుచ్చటం ఉండకూడదు, మహిళా పోలీసు ఉండాలి. తిరునాళ్ల మూడు రోజులూ ఊళ్లో బెల్టుషాపు మూయాలి. ఆ ఒక్క మాట అడిగితే చాలు, ఇప్పటిదాకా సంస్కృతి గురించి ఉపన్యాసాలిచ్చిన పెద్దల్లో సగంమంది మన దగ్గర నుంచి లేచిపోతారు.

ఇంకొకటి. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల చట్టం వినోద కార్యక్రమాలు నడిపే చోటును కూడా పనిచోటుగానే చెప్పింది. పదిమందికన్నా తక్కువ పనివాళ్లున్నచోట, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నచోట జిల్లాలోని స్థానిక కమిటీ ఆ ఫిర్యాదు తీసుకోవాలి. గడువు మూడు నెలలు. వాకాడును 2022లో తిరుపతి జిల్లాలో కలిపాక అక్కడి స్థానిక కమిటీలో ఎవరెవరున్నారో మనలో ఎందరికి తెలుసు? కలెక్టరాఫీసుకు పోయి ఆ పేర్లు, ఫోను నంబర్లు రాసుకొచ్చి, పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం వేయించి, శివరాత్రిలోగా ఈ చుట్టుపక్కల ఏజెంట్ల దగ్గర పనిచేసే ప్రతి బృందానికీ అందించాలి. కాగితం ఇచ్చేటప్పుడు వాళ్లు చెప్పేది కూడా రాసుకుందాం. మన అర్జీలో ఏం ఉండాలో మనకన్నా వాళ్లకు బాగా తెలుసు.