దుమ్ము క్వారీలోనే ఆగట్లేదు.. కుప్పం నుంచి మదనపల్లె దాకా అసలు సమస్య ఆ మట్టి రోడ్డే!

క్వారీ అనగానే గుర్తొచ్చేది బ్లాస్టింగ్. కానీ పేలుడు దుమ్ము కాసేపటికి సర్దుకుంటుంది. ఊళ్ల మీదకి రోజంతా దుమ్ము లేపేది లారీ చక్రం. బొగ్గు గని అయినా, గ్రానైట్ క్వారీ అయినా ఇదే లెక్క. బరువు బండ్ల కింద మట్టి రోడ్డు నలిగి పిండి అవుతుంది. వెనక వచ్చే ప్రతి బండీ ఆ పిండిని మళ్లీ గాల్లోకి లేపుతుంది.

కుప్పంలో ఏం జరుగుతోంది?

కుప్పం, శాంతిపురం, గుడుపల్లె మండలాలు గ్రానైట్‌కి పెట్టింది పేరు. 'కుప్పం గ్రీన్' అనే రకానికి ఊరి పేరే పెట్టారు. బ్లాకులైనా, క్రషర్ కంకరైనా కదలాలంటే లారీలు, టిప్పర్లే దిక్కు. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలను కలిపే 42వ నంబర్ జాతీయ రహదారి తారు రోడ్డే. చిక్కంతా క్వారీ నుంచి హైవే దాకా ఊళ్ల మధ్య నుంచి వెళ్లే మట్టి దారుల్లోనే.

రైతుకి నష్టం ఇలా..

ఈ ప్రాంతం టమాటాకీ, పట్టుకీ ప్రసిద్ధి. దుమ్ము పట్టిన మల్బరీ ఆకు పట్టుపురుగులకి పనికిరాదు. రోడ్డు పక్కన మల్బరీ తోట ఉన్న రైతుకి ఇది నేరుగా గూళ్ల దిగుబడి మీద పడే దెబ్బ.

ఊపిరితిత్తుల సంగతేంటి?

కంటికి కనిపించే దుమ్ము కన్నా కనిపించని సన్న రేణువులే డేంజర్. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. పైగా టీబీ ముప్పూ పెరుగుతుంది. ఎక్కువ రిస్క్ డ్రిల్లింగ్, క్రషర్ కార్మికులదే. అలాగని రోజూ అదే దారిలో బడికెళ్లే పిల్లలకి ఈ దుమ్ము మంచిదేం కాదు. టీబీ రోగుల కోసం 1915లో ఆరోగ్యవరం శానటోరియం పెట్టింది మదనపల్లె పక్కనే. ఒకప్పుడు మంచి గాలి కోసం జనం వెతుక్కుంటూ వచ్చిన చోటిది!

సత్తుపల్లి ఏం చేసింది?

ఖమ్మం జిల్లా సత్తుపల్లి సింగరేణి ఓపెన్‌కాస్ట్ బొగ్గు ఒకప్పుడు లారీల్లోనే కొత్తగూడెం వైపు వెళ్లేది. సింగరేణి, రైల్వే కలిసి ఖర్చు పెట్టుకుని సుమారు 54 కిలోమీటర్ల భద్రాచలం రోడ్-సత్తుపల్లి లైన్ వేశాయి. 2022 నుంచి బొగ్గు రైలెక్కింది. అంటే దుమ్ముకి అసలు మందు రోడ్డు మీద బండ్లు తగ్గించడమే.

మరి ఇక్కడ?

చెల్లాచెదురుగా ఉన్న చిన్న క్వారీలకి రైలు లైన్ కుదరదు. ట్యాంకర్‌తో నీళ్లు చల్లితే ఎండలో ఎంతోసేపు ఆగవు. అసలే కరువు సీమ, తాగునీటికే కటకట. కాబట్టి గట్టి పరిష్కారం ఒక్కటే.. క్వారీ గేటు నుంచి హైవే దాకా పక్కా రోడ్డు. దాంతోపాటు కంకర మీద పట్టా, ఊళ్లో స్పీడ్ కంట్రోల్, ఓవర్‌లోడ్‌కి బ్రేక్.

డబ్బులెక్కడివి అంటారా? మైనింగ్ ప్రభావిత ప్రాంతాల కోసమే 2015లో చట్టం మార్చి జిల్లా మినరల్ ఫౌండేషన్లు తెచ్చారు. కాలుష్య నియంత్రణ, ఆరోగ్యం, తాగునీరు వాటి ప్రాధాన్యాల్లోనే ఉన్నాయి. ఆ దారి పంచాయతీదా, ఆర్ అండ్ బీదా, లీజుదారుదా అన్నది ముందు తేలాలి. అది తేలనంతకాలం దుమ్ము మాత్రం ఊరిదే!