ఊరు మారింది ఆయన కాదు

మొన్న ఆదివారం టీ కొట్టు దగ్గర ఫుట్‌బాల్ కబుర్లలో ఒగ్‌బెచే పేరొచ్చింది. "వాడు కిరాయి ఆటగాడండీ, పదహారు క్లబ్బులు తిరిగాడు" అనేశాడొకాయన. నాలుగు రోజులైంది, ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

తిరిగిన మాట నిజమే. బార్తలోమ్యూ ఒగ్‌బెచే 17 ఏళ్లకే 2002 ప్రపంచకప్‌లో నైజీరియా తరఫున అర్జెంటీనా మీద ఆడాడు. పారిస్ సెయింట్ జర్మెయిన్‌లో మొదలుపెట్టి ఫ్రాన్స్, యూఏఈ, స్పెయిన్, గ్రీస్, ఇంగ్లండ్, నెదర్లాండ్స్ చుట్టి 2018లో మన దేశానికొచ్చాడు. గువాహటి, కొచ్చి, ముంబయి, ఆఖరుకి హైదరాబాద్. స్ట్రయికర్ బతుకే అంత. గోల్స్ పడినన్నాళ్లూ భుజాలకెత్తుకుంటారు, నాలుగు మ్యాచ్‌లు పడకపోతే మూట సర్దుకోమంటారు. గ్రీస్‌లో ఆయన ఆడిన కవాలా క్లబ్బునైతే 2011లో మ్యాచ్ ఫిక్సింగ్ గొడవలో పై లీగు నుంచే తోసేశారు. అందులో ఈయన తప్పేముంది?

ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒగ్‌బెచేవి 63 గోల్స్. ఆయన వెళ్లేనాటికి ఆ లీగులో అన్ని గోల్స్ ఇంకెవరికీ లేవు. అందులో 28 హైదరాబాద్‌కి కొట్టినవే. 2021-22లో, 37 ఏళ్ల వయసులో 18 కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. ఆ ఏడే హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది. నా బాధల్లా ఒకటే. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. ఆ 18లో ఒక్కటి కూడా మన గచ్చిబౌలి మైదానంలో పడలేదు. ఫైనల్ దాకా ఖాళీ స్టాండ్ల ముందు ఆడి మన ఊరి పేరు నిలబెట్టిన మనిషిని కిరాయి మనిషి అనడానికి నోరెలా వస్తుంది?

పుణెలో మూతపడిన జట్టు స్థానంలో 2019లో వచ్చిన క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చేసుకుంది. ఒగ్‌బెచేని అన్న నోళ్లు అప్పుడేమయ్యాయి?

ఆ క్లబ్బు వదిలిపోయిన హైదరాబాద్ ఎలాంటి ఊరు! కోచ్ రహీమ్ సాబ్ చేతి కింద సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిన ఊరు. అమ్ముగూడలో పుట్టిన బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. ఈ మాట ఎన్నిసార్లు రాశానో, మళ్లీ రాస్తాను. వాళ్లెవరూ గంటకింత అని కట్టి ఆట నేర్చుకోలేదు. ఇవాళ ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, చుట్టూ వల కట్టి, పచ్చ తివాచీ పరిచి, టర్ఫ్ అని బోర్డు పెడుతున్నారు. జేబులో డబ్బుంటేనే బంతి. మిగతా పిల్లలకి బడిలో మైదానం లేదు, వీధిలో బళ్లు.

శనివారం సాయంత్రం అలాంటి ఒక టర్ఫ్ బయట పన్నెండేళ్ల పిల్లాడు వలలోకి వేళ్లు దూర్చి నిలబడ్డాడు. ఒంటిమీద హైదరాబాద్ పసుపు జెర్సీ, ఛాతీ మీద అక్షరాలు సగం రాలిపోయాయి. లోపలినుంచి బంతి వల దాటి వచ్చి పడింది. ఉత్త పాదంతో మెత్తగా ఆపాడు. రెండుసార్లు ఎగరేసి, వల మీదుగా సరిగ్గా మధ్యలో పడేలా తన్నాడు. లోపలివాళ్లు ఆట మొదలెట్టుకున్నారు. వాడు మళ్లీ వల పట్టుకున్నాడు.